గుజ్జనగుండ్ల చెక్క గానుగ: ఏడాది వాడాక నా మాట

గుంటూరులో పదకొండేళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. మా దగ్గర గురువారం గురువారం తెలగపిండి మునగాకు కూర చేస్తాం. తెలగపిండంటే నువ్వుల్లోంచి నూనె తీశాక మిగిలే చెక్క. బాలింతలున్న ఇళ్ళవాళ్ళు ముందురోజే ఫోన్ చేసి చెప్పి ఉంచుకుంటారు. ఆ తెలగపిండి కోసం పట్నం బజారు నుంచి లాలాపేట దాకా తిరిగిన రోజులున్నాయి. పెద్ద మిల్లుల్లో ఆడిన చెక్క రాయిలా ఉంటుంది. నూనె చుక్క మిగలకుండా పిండేస్తారు కాబట్టి నానబెట్టినా పొడిపొడిగానే ఉండి, కూరకి ఓ రకం చేదు వస్తుంది. పోయిన ఏడాది మాఘమాసంలో, మా దగ్గర కూరలు తీసుకెళ్ళే ఒకావిడ గుజ్జనగుండ్ల సెంటర్ దాటాక సందులో ఉన్న గానుగ గురించి చెప్పారు. అలా మొదటిసారి వెళ్ళాను.

బోర్డు మీద పేరేమీ ఉండదు. ‘చెక్క గానుగ నూనెలు, కోడిగుడ్లు’ అని మాత్రం రాసుంటుంది. లోపల రెండు గానుగలు, మోటారుతో తిరుగుతాయి. ఎద్దుల కాలం కాదు గానీ రోలూ రోకలీ చెక్కవే, తిరగడమూ నిదానమే. నువ్వులు ఆడేటప్పుడు మధ్యలో కాస్త బెల్లం వేస్తారు, పిండి ముద్ద కట్టి నూనె విడివడడానికి. వీధి మొదట్లోకే ఆ కమ్మటి వాసన వస్తుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో ఆవకాయ రోజున పప్పునూనె డబ్బా మూత తీస్తే వచ్చిన వాసన అది. నేను కొన్న తెలగపిండి మెత్తగా, చేతికి నూనె అంటేలా ఉంది. ఆ గురువారం కూర పదకొండున్నరకే అయిపోయింది.

తెలగపిండికని వెళ్ళినదాన్ని నూనెకీ గుడ్లకీ కూడా అక్కడికే పోవడం మొదలుపెట్టాను. ఏడాది దాటింది. ఇంటికీ అంగడికీ కూడా కొన్నాను కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు ధర, అందరూ అడిగేది అదే. వేరుశనగ నూనె లీటరు 330, నువ్వుల నూనె 460. ప్యాకెట్ నూనెకి రెట్టింపు పైనే. మొదట నాకూ మనసు ఒప్పలేదు. అక్కడే నిలబడి లెక్క వేశాను. గానుగలో కిలో నూనె రావాలంటే సుమారు రెండున్నర కిలోల వేరుశనగ గుళ్ళు పోయాలి. లీటరు నూనె తూకానికి 910 గ్రాముల దాకా వస్తుంది, అంటే రెండుంపావు కిలోలకు పైనే గుళ్ళు. నేను వెళ్ళిన రోజు మంచి గుళ్ళు కిలో 125. గుళ్ళకే 285 అయింది. కరెంటు, కూలి, సీసా దానిపైన. చెక్క పశువులకి అమ్ముకుంటే కొంత వెనక్కి వస్తుంది. అలా చూస్తే 330 న్యాయమైన ధరే. ఎవరైనా లీటరు 180కే గానుగ వేరుశనగ నూనె అంటే, ఆ డబ్బాలో ఇంకేం కలిసిందో అడగాల్సిందే.

ధరకంటే నేను ఎక్కువగా చూసేది గుళ్ళని. ఇది రాయకుండా ఉండలేను. గానుగ నూనె అనగానే మంచిదని కళ్ళుమూసుకుని కొనేవాళ్ళు చాలామంది. తడి తగిలిన వేరుశనగకి ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది. దాన్నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, కాలేయానికి చాలా చెడ్డది. రిఫైన్డ్ నూనెని క్షారంతో శుద్ధి చేసి, రంగు తీసి, బాగా వేడి ఆవిరితో వాసన తీస్తారు. ఆ పనుల్లో ఈ విషం చాలావరకు పోతుంది. గానుగ నూనెకి ఆ శుద్ధి లేదు. బూజు గుళ్ళు పోస్తే విషం కొంత నూనెలోకీ మడ్డిలోకీ దిగుతుంది, మనం ఇంట్లో కాచినంత మాత్రాన పోదు. కాబట్టి గానుగ నూనె మంచిచెడ్డలన్నీ గుళ్ళలోనే ఉన్నాయి. ఈ కొట్లో ఇద్దరు ఆడవాళ్ళు చాటల్లో గుళ్ళు పోసుకుని నల్లవి, ముడుచుకుపోయినవి, పగుళ్ళవి ఏరుతూ కనిపిస్తారు. నేను అడగ్గానే బస్తా మూతి విప్పి చూపించారు. నూనె ఆడాక నాలుగైదు రోజులు డ్రమ్ములో తేరనిచ్చి, పైది వడగట్టి అమ్ముతారు, మడ్డి కలపరు. సీసా మీద ఆడిన తారీఖు రాస్తారు. మీరు వేరే ఎక్కడ కొన్నా గుళ్ళు చూపించమని అడగండి. చూపించనన్న చోట కొనకండి.

పోయిన శ్రావణంలో ఒక్కసారి మాత్రం నేను తెచ్చిన సీసాలో ముక్క వాసన వచ్చింది. తీసుకెళ్ళి ముక్కు దగ్గర పెట్టాను. “వానలో బస్తా తడిసినట్టుందక్కా, చూసుకోలేదు,” అన్నాడు కొట్లో అబ్బాయి. మారు మాట్లాడకుండా డబ్బులిచ్చేశాడు. అది సరే. కానీ అదే డ్రమ్ములో నూనె అప్పటికే ఎంతమంది తీసుకెళ్ళారో వాళ్ళకీ కబురు పెట్టమన్నాను. పెట్టాడో లేదో నాకు తెలియదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. రెండేళ్ళ కిందట మావారికి గుండెకి స్టెంటు వేశారు. ఇంటికొచ్చాక చుట్టాలందరూ చెప్పిన మొదటి మాట, గుడ్డులో పచ్చసొన మానేయమని. మానేశారు. ఉడికించిన గుడ్డు సగానికి కోసి పచ్చసొన తీసి నా కంచంలో వేసేవారు. ఆ తెల్లసొననే మేము బాణలిలో గరిటెడు నూనె పోసి వేయించి పెట్టేవాళ్ళం. ఏడాది గడిచాక చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆహారం గురించి చెప్పే అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. “అమ్మా, మీ ఇంట్లో నెలకి నూనె ఎంత కొంటారు?” అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అయిదు లీటర్ల క్యాను, మేం నలుగురం అన్నాను. కాగితం మీద వేసి చూపించింది. మనిషికి నెలకి లీటరుంపావు, రోజుకి 38 గ్రాములు. గ్రాముకి 9 కేలరీలు, అంటే ఒక్క నూనె నుంచే రోజుకి 340 కేలరీలు పైన. పొద్దస్తమానం కూర్చుని ఉండే మనిషికి అందులో సగం చాలంది. మనిషికి నెలకి అరలీటరు, కాస్త అటూ ఇటూ.

పచ్చసొన గురించి కూడా అప్పుడే తెలిసింది. మా అమ్మాయి పోషకాహారం మీదే పీజీ చేస్తోంది, అదీ ఇదే చెప్పింది. యాభై గ్రాముల గుడ్డులో మాంసకృత్తులు 6 గ్రాములు, కొవ్వు 5 గ్రాములు. ఆ అయిదులో రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని పెంచే సంతృప్త కొవ్వు గ్రామున్నర. కొలెస్ట్రాల్ 185 మిల్లీగ్రాముల దాకా, అదంతా పచ్చసొనలోనే. అయితే బీ12, డీ విటమిన్లు, మెదడుకీ కాలేయానికీ కావలసిన కోలిన్, కంటికి మేలుచేసే లూటీన్, ఇవన్నీ ఉన్నది కూడా పచ్చసొనలోనే. ఒంట్లో కొలెస్ట్రాల్ చాలావరకు మన కాలేయమే తయారు చేసుకుంటుంది. తినే కొలెస్ట్రాల్ కంటే తినే సంతృప్త కొవ్వే చాలామందిలో చెడు కొలెస్ట్రాల్‌ని ఎక్కువ పెంచుతుంది. అందుకే అమెరికావాళ్ళు 2015-20 ఆహార మార్గదర్శకాల్లో రోజుకి 300 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని తీసేశారు, తక్కువ తింటే మంచిదన్న మాట మాత్రం ఉంచారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రోజుకో గుడ్డు నిశ్చింతగా తినొచ్చు. మావారికి గుండె జబ్బుంది కాబట్టి వారానికి మూడు పచ్చసొనలు, మిగతా రోజుల్లో తెల్లసొన అని చెప్పారు. షుగరున్నవాళ్ళూ మావారిలాంటివాళ్ళూ తమ డాక్టరుని అడిగే తినాలి.

ఇప్పుడు మా అంగట్లో ఆమ్లెట్ తీసుకోండి. పెద్ద స్పూనుతో రెండు స్పూన్ల నూనె పోసేదాన్ని. అది 28 గ్రాముల కొవ్వు. మొదటి ఆరేళ్ళూ నేను వాడింది పామాయిలే, అందులో సగం సంతృప్త కొవ్వు. పెనానికి అంటుకున్నది పోయినా పది గ్రాములకి తక్కువ కాదు, గుడ్డులో ఉన్నది గ్రామున్నర. ఇంట్లో మావారి కంచంలోంచి పచ్చసొన ఏరేసి, అంగడికొచ్చి పదిమందికి రెండేసి స్పూన్ల నూనె పోసి వండి పెట్టాను. ఆ లెక్క చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ సమీక్ష రాయడానికి కారణం కూడా ఆ రాత్రే.

మళ్ళీ కొట్టు దగ్గరికి వస్తాను. నూనె తగ్గించాలనుకున్నాక నేను ఆ అబ్బాయిని అడిగాను, “తమ్ముడూ, వేపుళ్ళకి కూడా మీ నూనే వాడనా?” అని. అమ్ముకునేవాడు ఎవరైనా వాడమనే అంటాడు. ఇతను వద్దన్నాడు. “బాగా కాగితే నురుగు కట్టుద్దక్కా, తొందరగా పొగొచ్చుద్ది. మూకుళ్ళో పోస్తే మా నూనె దండగ. తిరగమాతకి, పచ్చడికి, పొడిలోకి వాడుకో,” అన్నాడు. అది నిజం. శుద్ధి చేయని నూనెకి పొగ త్వరగా వస్తుంది. పొగ వచ్చేదాకా కాచిన నూనె రుచీ పోగొట్టుకుంటుంది, గుణమూ పోగొట్టుకుంటుంది. ఈ ఒక్క మాటకే నేను ఆ కొట్టుని నమ్మాను.

ఇప్పుడు అంగట్లో వేపుళ్ళకి రిఫైన్డ్ తవుడు నూనె, తిరగమాతలకీ పప్పుకీ గానుగ వేరుశనగ, పచ్చళ్ళకీ తెలగపిండి కూరకీ నువ్వుల నూనె. ఒకే నూనె కాకుండా మార్చి మార్చి వాడమని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతుంది, దానికి కారణం ఉంది. వేరుశనగ నూనెలో దాదాపు సగం ఏక అసంతృప్త కొవ్వు, అంటే సంతృప్త కొవ్వుకన్నా గుండెకి మేలైన రెండు రకాల్లో ఒకటి. నువ్వుల నూనెలో అదీ, రెండో రకమైన బహుళ అసంతృప్త కొవ్వూ ఇంచుమించు సమానం. పొద్దుతిరుగుడు మామూలు రకంలో బహుళ అసంతృప్తమే మూడింట రెండు పాళ్ళు. ఏ ఒక్కదానిలోనూ అన్నీ సమంగా లేవు. వేరుశనగ, నువ్వుల నూనెల్లో ఒమేగా-3 అనే కొవ్వు అయితే లేనట్టే. అది చేపల్లోంచో అవిసె గింజల్లోంచో రావాలి. మేం ఆదివారం, బుధవారం చేపల పులుసు పెట్టుకుంటాం.

ఒకసారి కాచిన మూకుడు నూనె మళ్ళీ మళ్ళీ వాడే విషయం వేరే చెప్పనక్కర్లేదు. నూనెలో చెడిన పదార్థాలు నూటికి 25 పాళ్ళు దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి రూలుంది. మాలాంటి చిన్న అంగళ్ళలో కొలిచే సాధనం ఉండదు కదా. కాబట్టి రంగు నల్లబడి, చిక్కబడి, పొగ త్వరగా వస్తోందంటే అయిపోయినట్టే. నేను అంతదాకా కూడా ఉంచను, చిన్న మూకుడు పెట్టి తక్కువ పోస్తాను. మిగిలింది ఆ పూటే పక్కన పెట్టేస్తాను.

కోడిగుడ్ల పులుసుకి గుడ్లని నూనెలో తేలేలా వేయించడం మానేశాను. ఉడికించి, నాలుగు గాట్లు పెట్టి, పసుపూ కారమూ రాసి, స్పూను నూనెతో బాణలిలో దొర్లిస్తాం. చింతపండు పులుసు చిక్కబడడానికి నూనెకి బదులు వేయించిన నువ్వుల పొడి వేస్తాం. మొదటి నెల అందరూ “కూర ఎండిపోయినట్టుంది అక్కా, నూనె తేలట్లేదు,” అన్నారు. నలుగురైదుగురు వేరే చోటికి వెళ్ళిపోయారు. నేను మళ్ళీ నూనె పెంచలేదు. ఉల్లిపాయల్ని మూతపెట్టి నిదానంగా మగ్గిస్తే తక్కువ నూనెకే ఎర్రబడతాయని అప్పుడు నేర్చుకున్నాను. వెళ్ళినవాళ్ళలో ఇద్దరు తిరిగొచ్చారు.

గుడ్ల విషయానికి వస్తే ఈ కొట్టు మీద నాకు మిశ్రమాభిప్రాయం. ఫారం గుడ్లు అట్ట లెక్కన అమ్ముతారు. ఆరోజు విజయవాడ రేటు పలక మీద రాసి పెడతారు, దానిమీద అట్టకి పది రూపాయలు వేసుకుంటారు. సన్నటి కొన కిందికి ఉండేలా పేరుస్తారు, పచ్చసొన మధ్యలో నిలవడానికి అదే పద్ధతి. కడగరు. అదీ సరైనదే, పెంకు మీద ఉండే పొర పోతే క్రిములు లోపలికి దిగుతాయి. మనం వండే ముందు కడుక్కుంటే చాలు.

లోపం ఎండాకాలానిది. మే నెలలో గుంటూరు ఎండ సంగతి తెలిసిందే. అట్టలన్నీ రేకు కింద, వీధి వైపే ఉంచారు. ఒక అట్ట తెస్తే నాలుగు గుడ్లలో పచ్చసొన పగిలి నీళ్ళలా కారింది, రెండు నీళ్ళలో వేస్తే పైకి తేలాయి. మార్చి ఇచ్చారు గానీ అట్టలు మాత్రం ఆ ఎండాకాలమంతా అక్కడే ఉన్నాయి. ఎండల్లో గుడ్లు నేను వేరే చోట తెస్తాను.

నాటుగుడ్డు 15 రూపాయలు. పక్క పల్లెల నుంచి ఆడవాళ్ళు తెచ్చి ఇస్తారు, అసలైనవే, చిన్నవిగా ఒక్కొక్కటి ఒక్కో రంగులో ఉంటాయి. రుచి కోసం కొనుక్కుంటానంటే కొనుక్కోండి. బలం కోసమైతే ఫారం గుడ్డుకి రెట్టింపు పైన పెట్టి ఇది కొనక్కర్లేదు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పచ్చసొన రంగు అది తిన్న మేతని బట్టి వస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక నాటుగుడ్డు కొనే డబ్బుతో రెండు ఫారం గుడ్లు వస్తాయి, చెరొకటి తింటారు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి రాష్ట్రం మనది. ఇక్కడ పిల్లలకి రోజుకో గుడ్డు అందకపోతే అది ధర వల్ల కాకూడదు, అపోహ వల్ల అసలే కాకూడదు. పచ్చి గుడ్డు పాలల్లో కలిపి తాగించే పద్ధతి మాత్రం ఎవరింట్లో ఉన్నా మానుకోండి. సాల్మొనెల్లా అనే క్రిమి భయం ఒకటి. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ని ఒంటికి పట్టనివ్వదు, అది రెండోది. ఉడికిస్తే రెండు బాధలూ ఉండవు.

కొట్టువాళ్ళకి నేను మొహం మీదే చెప్పినవి రెండున్నాయి. గోడ మీద ‘కొలెస్ట్రాల్ లేని నూనె’ అని అంటించారు. గింజల నూనె దేనిలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌లో కూడా ఉండదు. కొత్తగా ఉన్న గుణంలా చెప్పడం తప్పు. ‘బీపీ, షుగర్ తగ్గును’ అన్న కాగితం ఇంకా తప్పు. అది చూసి ఎవరైనా మాత్రలు మానేస్తే? గానుగ నూనెలో విటమిన్ ఈ లాంటివి ఎక్కువ నిలుస్తాయి, నువ్వుల నూనెకి తన సొంత రక్షక పదార్థాలున్నాయి, అంతవరకు నిజం. కానీ గ్రాముకి 9 కేలరీలు దానికీ అంతే, ప్యాకెట్ నూనెకీ అంతే. ఖరీదైన నూనె కదా అని రెండు గరిటెలు ఎక్కువ పోసిన ఇళ్ళు నాకు తెలుసు. బీపీ, షుగర్ కాగితం తీసేశారు. కొలెస్ట్రాల్ కాగితం ఇంకా ఉంది.

రెండోది సీసాలు. తెల్లటి ప్లాస్టిక్ సీసాల్లో పోసి వీధి ముందు ఎండ తగిలేలా వరస పెడతారు. వెలుతురూ వేడీ తగిలితే నూనె త్వరగా కనరెక్కుతుంది. ముందువరసలోవి తీసుకోకండి, లోపల డ్రమ్ములోంచి పోయించుకోండి. నేను స్టీలు క్యాన్ తీసుకెళ్తాను, సీసా డబ్బులు పది రూపాయలు తగ్గిస్తారు. ఒకేసారి అయిదు లీటర్లు తెచ్చుకోవద్దు. నెలలో అయిపోయేంతే తెచ్చుకుంటే కమ్మగా ఉంటుంది.

మా ఇంటికిప్పుడు నలుగురికీ కలిపి నెలకి రెండున్నర లీటర్లు వస్తోంది. మనిషికి రోజుకి 19 గ్రాములు, నాలుగు చిన్న స్పూన్లు. ప్రతి ఉదయం పదహారు స్పూన్లు కొలిచి చిన్న గిన్నెలో పోసి పొయ్యి పక్కన పెడతాను. రాత్రి దాకా అదే. ముందు అయిదు లీటర్ల ప్యాకెట్ నూనెకి ఎంత పెట్టేదాన్నో, ఇప్పుడు రెండున్నర లీటర్ల గానుగ నూనెకి ఇంచుమించు అంతే అవుతోంది. మావారు సోమ, బుధ, శనివారాలు గుడ్డు మొత్తం తింటున్నారు. మొదటిరోజు పచ్చసొన నోట్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొట్టు ఉదయం తొమ్మిదింటికి తీస్తారు, మంగళవారం సెలవు. ఫోన్‌పే ఉంది. బండి పెట్టుకోవడానికి చోటు తక్కువ, సెంటర్‌లోనే ఆపి నడవడం మేలు. వేరుశనగ రోజూ ఆడతారు, నువ్వులు బుధవారం సాయంత్రం మాత్రమే. తెలగపిండి కావాలంటే ఆ సాయంత్రం ఆరులోపు వెళ్ళండి, ఏడింటికల్లా అయిపోతుంది.